ప్రశాంతత కోసం తోరా చదివేవారికి తలకిందుల సలహాలు

యూదులు తమ తోరాను ఏడాదికొకసారి మొదటి మాట నుంచి చివరి మాట వరకు చదువుతారు. ఐదు కాండాలను 54 భాగాలు చేసుకున్నారు. ఒక్కో భాగం పేరు పరాషా. వారానికొక పరాషా, కొన్ని వారాల్లో రెండు. శనివారం ఉదయం సినగాగ్‌లో చేతిరాత తోలుచుట్టను విప్పి, అందరికీ వినపడేలా చదువుతారు. తెలుగు బైబిల్లో ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం వరకు ఉన్నది ఇదే గ్రంథం. అందువల్ల ఇది తెలుగు పాఠకుడికి చేతికందని పుస్తకమేమీ కాదు.

ఈ పరాషాల నుంచి వారం వారం మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు తీసేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ రోగుల కోసం మొదలుపెట్టిన ధ్యాన శిక్షణ, 2007 నాటికి గూగుల్‌లో చేడ్-మెంగ్ టాన్ చేతుల మీదుగా ఇంజనీర్ల కోర్సు అయింది. ఆ ఒరవడి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లోకీ వచ్చింది. ఒకచోట పతంజలి, ఒకచోట బుద్ధుడు, ఒకచోట తోరా. ఆధారం ఏదైనా చివరికి వచ్చే సలహా దాదాపు ఒకటే: కళ్ళు మూసుకో, ఊపిరి గమనించు, మనసు నిమ్మళించాక పనిలోకి వెళ్ళు.

నాకు ఈ వారపు చదువు మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమతోనే దీనికి ఎదురు సలహాలు చెబుతున్నాను. ఇవి వినగానే తప్పుగా అనిపిస్తాయి. ఒక ఏడాది పాటించి చూడండి. తోరా మన చూపును మన లోపలికి తిప్పి అక్కడే వదిలేయదు. పక్కవాడి వీపు మీది బరువు దాకా తీసుకెళుతుంది. ఆ బరువును చూడలేని ప్రశాంతతకు ఈ గ్రంథంలో చోటు లేదు.

1. నచ్చిన భాగాన్ని ఎంచుకోవద్దు

మనసుకు హాయిగా ఉన్న కథ ఏదో వెతుక్కుని అదే చదవమని చాలామంది చెబుతారు. ఆ మాట వినకండి. ఈ వారం క్యాలెండర్‌లో ఏది వస్తే అదే చదవండి. విసుగు పుట్టించే పరాషాలను అసలు వదలొద్దు.

మే, జూన్ నెలల్లో నాసో అనే పరాషా వస్తుంది. 176 వచనాలతో తోరాలో అన్నిటికంటే పొడవైనది. అందులో పన్నెండు గోత్రాల నాయకులు పన్నెండు రోజులు వరుసగా ఒకే రకం కానుకలు తెస్తారు. ఒక వెండి పళ్ళెం, ఒక వెండి పాత్ర, ధూపంతో నిండిన ఒక బంగారు గిన్నె, ఫలానా పశువులు. ‘మిగతావాళ్ళూ ఇవే తెచ్చారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. గ్రంథం అలా చేయలేదు. పన్నెండుసార్లూ మనిషి పేరు, తండ్రి పేరు, తెచ్చిన ప్రతి వస్తువు పేరు చెబుతుంది. పొద్దున్నే జరిగే స్టాండప్ మీటింగ్‌లో పదో మనిషి మాట్లాడేసరికి మనం ఫోన్ చూసుకుంటూ ఉంటాం. నిన్న చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడని అనుకుంటాం. నాసో చదివిన వారం ఆ పదో మనిషి మాటను పూర్తిగా వినండి. ఏకాగ్రతకు ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు.

మార్చి నెల దగ్గర్లో పెకుదేయి వస్తుంది. మన ఆర్థిక సంవత్సరం ముగిసే రోజులవి. గుడారపు ఆలయానికి ప్రజలిచ్చిన లోహాల లెక్క అది, తెలుగు బైబిల్ కొలతల్లో: బంగారం 29 తలాంతుల 730 తులాలు, వెండి 100 తలాంతుల 1,775 తులాలు. ఆ 1,775 తులాలు స్తంభాల కొక్కేలకు వాడారని కూడా రాసి ఉంటుంది. నాయకుడు మోషే వెనక జనం గుసగుసలాడారనీ, అందుకే ఎవరూ అడగకముందే ఆయన లెక్క అప్పజెప్పాడనీ యూదుల పాత వ్యాఖ్యానాలు చెబుతాయి. ఆ వారం ధ్యానంలో కూర్చోకండి. మీ చేతిలో ఉన్న పరాయి సొమ్ము ఏదైనా సరే, టీం పార్టీకి వసూలు చేసింది కావచ్చు, అపార్ట్‌మెంట్ సంఘం నిధి కావచ్చు, అడగకముందే లెక్క రాసి అందరికీ పంపండి. మనసు తేలిక పడడానికి అది దగ్గరి దారి.

2. కళ్ళు మూసుకోవద్దు

ధ్యాన బోధకులు ఎక్కువగా ఎంచుకునేది మండే పొద కథ. నిర్గమకాండం మొదట్లో ఉంటుంది. గొర్రెలు కాసుకుంటున్న మోషే, పొద మండుతున్నా కాలిపోకపోవడం చూసి, దారి తప్పుకుని దగ్గరికి వెళ్ళాడు. ఆగి చూశాడు కాబట్టే పిలుపు వినిపించిందని పాఠం చెబుతారు. పాఠం సరైనదే, కానీ సగంలో ఆపేస్తారు. ఆ పొదలోంచి వచ్చిన మాట ఐగుప్తులో బానిసల గోడు గురించినది. వాళ్ళ ఏడుపు విన్నాను, నువ్వు వెళ్ళు అన్నది దాని సారం. మోషేకి అక్కడ కూర్చునే వీలే దొరకలేదు.

ఏడాది రెండో పరాషా నోవహుది. అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. బాబెలు గోపురం కథ అందులోనే ఉంది. రాయికి బదులు కాల్చిన ఇటుక, ఆకాశాన్నంటే కట్టడం, దాని ద్వారా పేరు. ఈ కథ మీద ఒక పాత యూదు వ్యాఖ్యానం ఉంది. గోపురం మీద నుంచి మనిషి పడి చనిపోతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదట. ఇటుక పడితే మాత్రం, మళ్ళీ ఇంకొకటి పైకి ఎప్పుడొస్తుందోనని కూర్చుని ఏడ్చేవాళ్ళట.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి మాదాపూర్ చుట్టూ కట్టడం ఆగలేదు. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఇప్పుడు నలభై, యాభై అంతస్తులు లేస్తున్నాయి. వాటిని కట్టేవాళ్ళు పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్ళు. నోవహు పరాషా వారంలో ఆఫీసు నుంచి ఇంటికి నడిచో బండి మీదో వెళ్ళేటప్పుడు, ఒక కట్టడం దగ్గర ఆగి పైకి చూడండి. అక్కడ మనుషుల నడుముకి తాడు ఉందా, తలకి హెల్మెట్ ఉందా, కింద రేకుల షెడ్లలో పిల్లలు బడికి వెళుతున్నారా అని చూడండి. మీ ఆఫీసుకో మీ అపార్ట్‌మెంటుకో చెందిన పని అయితే అడగండి కూడా. వర్తమాన క్షణంలో ఉండడం అంటే ఆ క్షణంలో కళ్ళ ముందు ఉన్నదాన్ని చూడడం.

3. ఊపిరి మీద దృష్టి పెట్టవద్దు

డిసెంబరు చివర్లో, జనవరిలో షెమోత్, వాఎరా పరాషాలు వస్తాయి. ఐటీ ఉద్యోగి నిదానంగా చదవాల్సినవి ఇవి. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఇటుకలు చేస్తుంటారు. సెలవు అడిగారన్న కోపంతో రాజు ఫరో ఒక కొత్త నిబంధన పెడతాడు. ఇటుకల్లో కలిపే గడ్డి ఇక రాజ్యం ఇవ్వదు, వాళ్ళే ఏరుకోవాలి. రోజువారీ ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గడానికి వీల్లేదు. మనుషుల్ని తగ్గించి అదే డెలివరీ తేదీని ఉంచిన ప్రాజెక్టులో పనిచేసిన వాళ్ళెవరికైనా ఈ అధ్యాయం విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ తరువాత మోషే విడుదల కబురు తీసుకొస్తాడు. జనం వినరు. వినలేనంతగా ఆ కఠినమైన పని వాళ్ళను ఊపిరాడకుండా చేసిందని గ్రంథం కారణం చెబుతుంది. ఇక్కడే వెల్‌నెస్ పాఠాలు తొందరపడతాయి. చూశారా, ఊపిరి కురచైతే మంచి మాట కూడా చెవికెక్కదు, కాబట్టి నెమ్మదిగా ఊపిరి తీయండి అంటాయి. కథలో జరిగింది అది కాదు. మోషే బానిసలకు ఊపిరి తీయడం నేర్పలేదు. ఫరో దగ్గరికి వెళ్ళాడు.

లోచూపు అక్కర్లేదని నేను అనడం లేదు. పరాషాను మనసు లోపలి కథగా చదవడం పద్దెనిమిదో శతాబ్దపు తూర్పు యూరప్‌లో హసీదులనే యూదు భక్తుల్లో లోతుగా వేళ్ళూనిన సంప్రదాయం. అందులో బెర్దిచెవ్ ఊరి రబ్బీ లేవి యిత్సాక్ పెద్ద పేరు. ఆయన పేరుతో ఒక కథ చెప్పుకుంటారు. పస్కా పండుగకు పులియని రొట్టెలు చేసేచోటికి తనిఖీకి వెళ్ళి, అక్కడ ఆడవాళ్ళ చేత తెల్లవారుజాము నుంచి రాత్రి పొద్దుపోయేదాకా చాకిరీ చేయిస్తున్నారని తెలుసుకుని, పిండిలో దోషం లేకపోయినా ఆ రొట్టెలు పనికిరావని ఆయన తేల్చాడట. లోపలికి అంత లోతుగా చూసిన మనిషి బయటి చాకిరీని అంత స్పష్టంగా చూశాడు. అసలైన లోచూపుకి గుర్తు అదే.

కాబట్టి ఈ రెండు వారాల్లో ఒక కాగితం తీసుకోండి. మీకు, మీతో పనిచేసేవాళ్ళకు ఊపిరాడకుండా చేస్తున్నది ఏమిటో రాయండి. ‘ఒత్తిడి’ అని రాయవద్దు, ఆ మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. రాత్రి పదకొండు గంటల క్లయింట్ కాల్ అని రాయండి. ఇద్దరు మానేసినా భర్తీ కాని పని అని రాయండి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని మార్చగల మనిషి ముందు పెట్టండి. కాగితం దాచుకోండి.

4. మిమ్మల్ని మోషే అనుకోవద్దు

కథ చదివేటప్పుడు అందరం నాయకుడి చోట నిలబడతాం. టీం లీడ్లు, మేనేజర్లు అలా నిలబడవద్దు. ఇటుకల కథ ఉన్న ఆ అధ్యాయంలోనే మీ కోసం రాసిపెట్టినట్టున్న మనుషులు వేరే ఉన్నారు. ఫరో అధికారులు ఇశ్రాయేలీయుల్లోంచే కొందరిని పనివాళ్ళ మీద నాయకులుగా పెట్టారు. ఇటుకల లెక్క తక్కువైన రోజు దెబ్బలు తిన్నది ఈ నాయకులు. నిన్నటి లెక్క, ఇవాళ్టి లెక్క ఎందుకు పూర్తి కాలేదని వాళ్ళనే అడిగారు.

ఫ్రాన్స్‌లోని త్రువా పట్టణంలో 1040 నుంచి 1105 వరకు జీవించిన రాషీ, తోరా వ్యాఖ్యాతల్లో అందరూ ముందుగా తెరిచే పేరు. ఆయన ఇక్కడ ఒక పాత మాట గుర్తుచేస్తాడు. ఆ నాయకులు తలుచుకుంటే కిందివాళ్ళను తొందరపెట్టి లెక్క పూర్తి చేయించగలిగేవాళ్ళే. జాలిపడి ఆ పని చేయలేదు. కిందివాళ్ళ బదులు తమ వీపు చూపించారు. తరువాత అరణ్యంలో మోషేకి డెబ్బైమంది పెద్దలు కావాల్సి వచ్చినప్పుడు ఆ గౌరవం వీళ్ళకే దక్కింది.

పై నుంచి వచ్చిన మాటను యథాతథంగా కిందికి దించేయడం తేలిక. షెమోత్ వారంలో ఒక్కసారైనా దాన్ని మీ దగ్గర ఆపండి. తేదీ కుదరదని పై మీటింగ్‌లో మీ నోటితో చెప్పండి. అప్రైజల్‌లో దాని ధర కొంత మీరు చెల్లించాల్సి రావచ్చు. ఆ ధర ఉంటుందని రాషీ దాచిపెట్టలేదు.

కొన్ని వారాల తరువాత యిత్రో పరాషా వస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతున్న మోషేని చూసి, మామగారు యిత్రో ఇది మంచి పద్ధతి కాదంటాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో పెద్దను పెట్టమంటాడు. బర్నౌట్ గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని మేనేజర్ ఆరోగ్యపాఠంగా చెబుతారు. యిత్రో అన్నది అంతకంటే పెద్దది. నువ్వూ నలిగిపోతావు, నీతో ఉన్న ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. వరుసలో పొద్దుటి నుంచి నిలబడ్డ జనాన్ని కూడా ఆయన చూశాడు. మీ ఒక్కరి ఆమోదం కోసం ఎంతమంది పని ఆగి ఉందో ఆ వారం లెక్కపెట్టండి. వాటిలో మీ చేతిలోంచి వదిలేయగలిగినవి వదిలేయండి.

5. ముందుగా ప్రేమ పెంచుకోవద్దు

పడనివాడి ముఖం తలుచుకుని, అతను సుఖంగా ఉండాలని మనసులో కోరుకోమని ధ్యాన తరగతుల్లో చెబుతారు. మిష్పాటిం పరాషా అంతసేపు ఆగమనదు. నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద పడిపోయి కనిపిస్తే, వదిలి వెళ్ళిపోకుండా అతనితో కలిసి దాన్ని లేపాలని అక్కడ ఒక నియమం ఉంది. ముందు ద్వేషం పోగొట్టుకోమన్న షరతు లేదు. నడుం వంచితే చాలు.

మీ గురించి పై వాళ్ళకు లేనిపోనివి చెప్పిన సహోద్యోగి ఒకరు ఉండే ఉంటారు. అతను క్షమాపణ చెప్పేదాకా, మీ మనసు మెత్తబడేదాకా ఆగవద్దు. అర్ధరాత్రి అతని సర్వర్ ఆగిపోయి, కారణం మీకు తెలిసి ఉంటే ఫోన్ చేసి చెప్పండి. ఇద్దరూ కలిసి ఒక బరువు ఎత్తాక మనసుల్లో ఏదైనా మారితే మారనివ్వండి. మారకపోయినా గాడిద లేచి నిలబడింది.

6. ఒంటరిగా, మౌనంగా చదవవద్దు

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక మూల కూర్చుని యాప్‌లో చదవడం ఈ గ్రంథానికి సరిపడదు. తోరా చుట్టలో అచ్చుల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు. చదివేవాడు ముందే సాధన చేసుకుని రావాలి. తప్పు చదివితే పక్కన నిలబడ్డవాళ్ళు అక్కడికక్కడే సరిదిద్దుతారు. పదిమంది చేరకపోతే సంప్రదాయం ప్రకారం ఆ పఠనం జరగదు. ఇక పాఠశాలల్లో ఇద్దరిద్దరుగా కూర్చుని, గొంతెత్తి, ఒకరి అర్థాన్ని ఒకరు ఎదిరిస్తూ చదవడం యూదుల్లో తరతరాల అలవాటు.

మీకు పదిమంది దొరకకపోవచ్చు, ఒక్కరు చాలు. అయితే మీతో ఏకీభవించే మనిషిని తెచ్చుకోవద్దు. దేవుణ్ణి నమ్మని స్నేహితుడో, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే పాస్టర్ గారి అమ్మాయో, భగవద్గీత కంఠస్థం వచ్చిన పక్క ఫ్లాట్ పెద్దాయనో అయితే మంచిది. పరాషాను మూలంలో రెండుసార్లు, వాడుక భాష అనువాదంలో ఒకసారి చదవాలని యూదుల ప్రాచీన గ్రంథం తాల్ముద్ చెబుతుంది. హీబ్రూ రానివాళ్ళు తెలుగులోనే రెండుసార్లు పైకి చదవండి. మూడోసారి పుస్తకం మూసి, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో కథను ఎదుటివాళ్ళకు చెప్పండి. ఎక్కడ తడబడతారో అక్కడే మీకు అర్థం కానిది ఉంది.

పరాషాను ఏడు భాగాలుగా విడదీసి ఏడుగురిని పిలుస్తూ చదువుతారు కాబట్టి, రోజుకొక భాగం చదువుకునే అలవాటు కూడా ఉంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్ళేవాళ్ళకు ఒక భాగానికి సరిపడా సమయం ఆ ప్రయాణంలోనే దొరుకుతుంది.

7. శనివారాన్ని మీ కోసం దాచుకోవద్దు

యూదుల విశ్రాంతి దినమైన షబ్బత్ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. ఫోన్ ఆపేసి, ఒక రోజు అలసట తీర్చుకుని, సోమవారానికి కొత్త శక్తితో వెళ్ళడానికి అది మంచి ఉపాయమని ఇప్పుడు చాలామంది నేర్పుతున్నారు. జూలై, ఆగస్టుల్లో వచ్చే వాయెత్‌హనన్ పరాషాలో షబ్బత్ ఆజ్ఞను మళ్ళీ వినండి. విశ్రాంతి నీకు, నీ కొడుక్కి, నీ కూతురికి, నీ దాసుడికి, నీ దాసికి, నీ ఎద్దుకి, నీ గాడిదకి, నీ ఊళ్ళో ఉన్న పరదేశికి. కారణం కూడా చెబుతుంది: నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలి, ఐగుప్తులో నువ్వూ బానిసవేనని గుర్తుంచుకో. సోమవారం బాగా పనిచేయడం కోసమన్న మాట అక్కడ లేదు.

అందువల్ల మీ శనివారాన్ని మీ ఫోన్‌తో మొదలుపెట్టకండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మకు వారానికొక రోజు జీతం కోతలేని సెలవు ఉందా అని చూసుకోండి. గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే వాచ్‌మన్‌కి మారు మనిషి ఉన్నాడా అని మీ సంఘం మీటింగ్‌లో అడగండి. పది నిమిషాల్లో కొత్తిమీర తెచ్చే కుర్రాడిని ఆ ఒక్క రోజైనా పరుగెత్తించకండి. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కొత్త కోడ్ పెట్టకండి, దానివల్ల ఆన్‌కాల్‌లో ఉన్న జూనియర్ శనివారం పోతుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయుల ఆహారమైన మన్నా శుక్రవారం రెండింతలు దొరికేది, శనివారం దొరికేది కాదు. విశ్రాంతికి కావాల్సింది ముందురోజు ఏర్పాటు చేసుకోవాలని అర్థం. ఎవరికి పంచాలో ముందే ఆలోచించిన విశ్రాంతే నిలుస్తుంది.

8. పుస్తకాన్ని దాని మనుషుల నుంచి విడదీయవద్దు

మంచి మాట ఎక్కడున్నా తీసుకోవచ్చు, మతంతో పనేముంది అంటారు. తీసుకునే ముందు ఆ మాట కోసం ఎవరు ఏం చెల్లిస్తున్నారో తెలుసుకోండి. దానికి పరాయి దేశం వెళ్ళనక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది. తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిము సంతతి అని పిలుచుకుంటారు. అంతకుముందు క్రైస్తవంలో ఉన్న మాదిగ కుటుంబాలు 1980ల చివర్లో షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో యూదులమని ప్రకటించుకున్నాయి. 1990ల మొదట్లో అక్కడ సినగాగ్ వెలిసింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ మీద 2013లో ఒక పుస్తకం తెచ్చారు. కులమూ మతమూ పెనవేసుకున్న ఈ చరిత్రను అందులో వివరంగా చదవవచ్చు.

వీళ్ళలో చాలామంది వ్యవసాయ కూలీలు. నెల జీతగాడు శనివారం పని మానితే జీతం తగ్గదు. కూలిమనిషి పని మానితే ఆ రోజు కూలి పోతుంది. పత్తి తీతకో మిరప కోతకో మనుషుల కోసం వెతికే రోజుల్లో రానని చెప్పడం ఎంత కష్టమో పల్లె తెలిసిన వాళ్ళకు తెలుసు. ఎవరి పొలంలోనో తరతరాలుగా పనిచేసిన మనుషులు, బానిసల విడుదల కథను ఇది మా కథ అని చేతిలోకి తీసుకున్నారు. విశ్రాంతి మాకూ హక్కే అనే మాట ఆ కథలో వాళ్ళకు దొరికింది. కొండాపూర్ ఫ్లాట్‌లో కూర్చుని షబ్బత్‌ను డిజిటల్ ఉపవాసంగా పాటించే ముందు, అదే భాషలో అదే పుస్తకం చదివే ఈ కుటుంబాల్ని గుర్తుపెట్టుకోండి. అప్పుడు విశ్రాంతి ఒక సౌఖ్యంగా కనిపించదు. కొందరికి దొరికి, కొందరికి దొరకని న్యాయంగా కనిపిస్తుంది.

9. ముగించవద్దు, మార్కులు వేసుకోవద్దు

సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే సింహత్ తోరా పండుగనాడు చివరి పరాషా చదువుతారు. మోషే కొండ మీద నుంచి దేశాన్ని చూసి, అందులో అడుగుపెట్టకుండానే చనిపోతాడు. ఆ మాట పూర్తవగానే అదే కూడికలో ఆదికాండం మొదటి మాటలు చదువుతారు. ఏడాది చదివినందుకు సర్టిఫికెట్ ఉండదు.

మీరూ అలాగే చేయండి. ఎన్ని రోజులు వరుసగా చదివారో యాప్‌లో చూసుకోకండి. ప్రశాంతత ఎంత పెరిగిందో పదికి మార్కులు వేసుకోకండి. మళ్ళీ జనవరిలో వాఎరా వచ్చినప్పుడు, దాచుకున్న కాగితం తీసి చదవండి. రాత్రి పదకొండు గంటల కాల్ ఇంకా ఉందా? భర్తీ కాని ఆ రెండు ఉద్యోగాలు భర్తీ అయ్యాయా? ఒక్కటి మారినా, ఒక్క మనిషికి ఊపిరాడినా, ఆ ఏడాది చదువు సార్థకమైనట్టే. ఏదీ మారకపోతే మళ్ళీ వెళ్ళి అడగండి. ఫరో దగ్గరికి మోషే వెళ్ళింది ఒక్కసారి కాదు.